ఒకసారి పెన్నిస్తారా

థాయ్‌లాండ్‌కు మనవాళ్ళు వీసా లేకుండా వెళ్ళొచ్చన్న నిబంధన 2023 నవంబరు 10న అమల్లోకి వచ్చింది. మూడు వారాలు తిరిగేసరికి, డిసెంబరు 1 నుంచి, మలేషియా కూడా 30 రోజుల వరకూ వీసా అడగబోమంది. పేపర్లో లోపలి పేజీలో చిన్న వార్త. చదివి సంతోషించిన మాట నిజం. ఇన్నాళ్ళకైనా మన పాస్‌పోర్టుకు కాస్త విలువ వచ్చిందని మనసులో అనుకున్న మాటా నిజం. కానీ పేపరు మడిచి పక్కన పెట్టాక కూడా, బ్యాంకాక్ సువర్ణభూమి విమానాశ్రయంలో వీసా ఆన్ అరైవల్ కోసం మనవాళ్ళంతా నిలబడే ఆ హాలు నా కళ్ళముందు నుంచి కదల్లేదు. అక్కడ ఉండేవాళ్ళంతా ఏమయ్యారు? ఏమవుతారు, నేరుగా లోపలికి వెళ్ళిపోతున్నారు. కావలసింది అదే కదా.

హైదరాబాదులో అర్ధరాత్రి ఎక్కితే అక్కడ తెల్లవారుతుండగా దిగేవాళ్ళం. వాళ్ళ గడియారం మనకంటే గంటన్నర ముందు, కాబట్టి ఉన్న కాస్త నిద్రలోంచి కూడా గంటన్నర పోయేది. ఆ ఎర్రటి కళ్ళతోనే, చంకలో ప్లాస్టిక్ ఫైలుతో, పొడుగాటి నడవాలన్నీ దాటుకుని వెళితే ముందు బల్లలు కనబడేవి, వాటి మీద ఫారాలు, ఫారాల పక్కన తాడు కట్టిన పెన్నులు, సగం పెన్నుల్లో సిరా ఉండదు. ఫోటో అంటించాలి, 4 సెంటీమీటర్ల వెడల్పు, 6 సెంటీమీటర్ల ఎత్తు. ఇంటి దగ్గర తీయించుకున్నది సరిపోని వాళ్ళకు అక్కడే తీసి ఇచ్చేవాళ్ళు, డబ్బు తీసుకుని. తిరుగు టికెట్టు, హోటలు కాగితం, మనిషికి 10,000 బాత్‌ల రొక్కం, కుటుంబమైతే 20,000, అడిగితే చూపించడానికి. ఫీజు ఒకప్పుడు 1,000 బాత్‌లు ఉండేది, తర్వాత 2,000 అయింది, అదీ వాళ్ళ నోట్లలోనే కట్టాలి. ఇంతా చేస్తే ఇచ్చేది 15 రోజులు. మనవాళ్ళలో చాలామందికి నాలుగు రోజులే ఎక్కువనుకోండి.

ఆ వరసలో నాకు బాగా గుర్తున్నది డీలర్లు. విత్తనాల కంపెనీలో, పురుగుమందుల కంపెనీలో, సిమెంటు కంపెనీలో టార్గెట్ దాటించిన వాళ్ళకు పెట్టే టూర్లు ఉండేవి కదా, ఇప్పటికీ ఉన్నాయి, గుంటూరు నుంచి, నంద్యాల నుంచి, వరంగల్ నుంచి, ఒకే రంగు టీషర్టులు, ఒకే రంగు టోపీలు వేసుకుని యాభై అరవై మంది ఒక్కసారే దిగేవాళ్ళు. జీవితంలో మొదటిసారి దేశం దాటిన మనుషులు. సొంత ఊళ్ళో కొట్టు గల్లాపెట్టె దగ్గర కూచుంటే ఎదుటివాడు నిలబడి మాట్లాడే పెద్దమనుషులు, ఇక్కడ మాత్రం ఎవరో పాతికేళ్ళ టూరు కుర్రాడు పేర్లు పిలుస్తుంటే చెయ్యెత్తి పలికేవాళ్ళు. ఆ కుర్రాడి చేతిలో ఒకే ఒక్క నోట్ల కట్ట ఉండేది. ముందువాడికి ఇచ్చి, కౌంటరు దగ్గర అడుగుతారేమో చూసి, మళ్ళీ వెనక్కి తెప్పించుకుని తర్వాతివాడి జేబులో పెట్టేవాడు. కౌంటరులో ఉన్నావిడకు అది కనబడకపోదు. ఆవిడా ఏమీ అనేది కాదు.

కుటుంబాలైతే వేరు. స్తంభానికి ఆనుకుని నేలమీదే కూచున్న పెద్దావిడ, పట్టుచీర మీద స్వెట్టరు, ఒళ్ళో సంచీ, సంచీలోంచి జంతికలు, కందిపొడి కలిపిన వాసన, మూత గట్టిగా బిగించినా బయటికొచ్చే ఆవకాయ నూనె వాసన. పిల్లలు సూటుకేసుల మీద నిద్రపోయేవాళ్ళు. కోడలు నాలుగు పాస్‌పోర్టులూ నాలుగు ఫారాలూ విసనకర్రలా పట్టుకుని నంబర్లు సరిచూసేది. గంట పట్టేది, ఒక్కోసారి రెండు గంటలు. కాళ్ళు పీకేవి, పిల్లలు ఏడ్చేవాళ్ళు, షుగరున్న వాళ్ళకు కళ్ళు తిరిగేవి. ఇది పోయిందని ఎవరైనా బాధపడితే వాళ్ళకు ఆ వరసలో నిలబడ్డ అనుభవం లేదని అర్థం. నేను బాధపడటం లేదు. ఆ హాల్లో పక్కవాడి ఫారం చూసి మన ఫారం నింపుకునేవాళ్ళం, ఆ మాట చెప్పుకుంటున్నాను, అంతే.

ఫోటో అన్నాను కదా. ఆ 4, 6 కొలతలు మా వీధి స్టూడియో ఆయనకు కంఠతా వచ్చేవి. ఏ దేశానికని అడిగి, అమెరికా అంటే చదరం, థాయ్‌లాండ్ అంటే నిలువు, చెవులు కనబడాలి, కళ్ళద్దాలు తియ్యాలి, నవ్వకూడదు, వెనక తెలుపు. ఇవన్నీ కంప్యూటరు వచ్చాక సంగతి. అంతకుముందు అదే స్టూడియోలో గోడకు రంగులేసిన తోట, దాని మీద తెల్లదుప్పటి కప్పితే పాస్‌పోర్టు ఫోటో, తీసేస్తే పెళ్ళిచూపుల ఫోటో. మేకుకు ఒక నల్లకోటు, ముడి విప్పని టై, అద్దం దగ్గర పాండ్స్ పౌడరు డబ్బా, పళ్ళు విరిగిన దువ్వెన. కోటు ఎవరికీ సరిపోదు, భుజాల వెనక ఆయనే బట్టల క్లిప్పు పెట్టి బిగించేవాడు. దేశం బయటికి వెళ్ళే మగవాళ్ళంతా ఆ ఒక్క కోటులోనే వెళ్ళారు మా పేటలో. లోపలి గదిలోంచి హైపో వాసన. మూడోరోజు వెళితే చిన్న కవరు, కవరు మీద నంబరు, లోపల ఎనిమిది కాపీలూ నెగటివూ. నెగటివ్ జాగ్రత్త చెయ్యండి, మళ్ళీ కావాలంటే నంబరు చెప్పండి చాలు అనేవాడు. ఆ నంబర్లు రాసిన పద్దు పుస్తకంలో మా పేట వాళ్ళ ప్రయాణాలన్నీ ఉండి ఉంటాయి, ఎవరు వీసా కోసం దిగారు, ఎవరు రేషన్‌కార్డు కోసం దిగారు, రెండోదానికి దిగినవాళ్ళే ఎక్కువ. స్టూడియో ఇప్పుడు మొబైల్ రీఛార్జి షాపు. ఫోటోలు పిల్లలు ఇంట్లోనే గోడకు నిలబెట్టి ఫోనుతో తీస్తారు, వెనకున్న గోడను ఆ ఫోనే తుడిచేస్తుంది.

అసలు వీసా దాకా రావాలంటే ముందు పాస్‌పోర్టు ఉండాలి, అదొక పెద్ద కథ. 1967 వరకూ అది ప్రభుత్వం తలుచుకుంటే ఇచ్చేది, తలుచుకోకపోతే లేదు, అడిగే చట్టం లేదు. ఆ ఏడాది సత్వంత్ సింగ్ సాహ్నీ కేసులో, విదేశానికి వెళ్ళడం కూడా వ్యక్తి స్వేచ్ఛలో భాగమేనని సుప్రీంకోర్టు తేల్చాకే పాస్‌పోర్టుల చట్టం వచ్చింది. చట్టం వచ్చినంత మాత్రాన పుస్తకం చేతికొచ్చేది కాదు. మా కోస్తా జిల్లాల వాళ్ళకు కూడా పాస్‌పోర్టు అంటే సికింద్రాబాదు ప్రయాణమన్న రోజులున్నాయి. రాత్రి గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి, పొద్దున్నే స్టేషను కుళాయి దగ్గర మొహం కడుక్కుని, ఇడ్లీ తిని, ఆఫీసు గేటు తెరవకముందే వరసలో నిలబడటం. గేటు బయట చెట్టు కింద మడతబల్ల, బల్ల మీద ఫారాలు, స్టాంపులు, జిగురు, ఫారం నింపే మనిషి. పదికి తక్కువ కాదు, వందకు ఎక్కువ కాదు, మొహం చూసి చెప్పేవాడు. గెజిటెడ్ ఆఫీసరు సంతకాలు, ఆయన రబ్బరుస్టాంపు సరిగ్గా పడలేదని మళ్ళీ ఊరికి.

తర్వాత పోలీసు ఎంక్వయిరీ. సైకిలు మీద కానిస్టేబులు వచ్చి అరుగు మీద కూచునేవాడు. మంచినీళ్ళు, కాఫీ, పక్కింటివాళ్ళను పిలిచి ఇద్దరు సాక్షుల సంతకాలు. ఆ సాక్షి సంతకం చెయ్యమని అడగాల్సి వచ్చేది కాబట్టే, ప్రహరీగోడ తగాదాలో ఆర్నెల్లుగా మాటల్లేని ఇళ్ళు రెండు మా వీధిలో మళ్ళీ మాట్లాడుకున్నాయి. చేతిలో ఏదో పెట్టి పంపాలన్నది కూడా అందరికీ తెలిసిందే, తెలియనట్టు నటించనక్కర్లేదు. ఇప్పుడు అపాయింట్‌మెంటు టైముకి వెళితే ఏసీ హాల్లో టోకెను నంబరు పిలుస్తుంది, వేళ్ళ ముద్రలు, ఫోటో, గంటన్నరలో బయటికి. ఏజెంటు అక్కర్లేదు. చెట్టు కింద బల్ల వేసుకున్న మనిషికి మాత్రం ఇంకో పని వెతుక్కోవాల్సి వచ్చింది.

నెలలకు రిజిస్టర్డ్ పోస్టులో వచ్చిన ఆ నీలం పుస్తకం చేత్తో రాసి ఉండేది. అట్ట లోపల ఫోటో అంటించి మూలన సీలు, పేరు గుమాస్తా చేతిరాతలో, సిరా ఒక్కోచోట పాకి. పిల్లలకు వేరే పుస్తకం లేదు, తల్లి పుస్తకంలోనో తండ్రి పుస్తకంలోనో పేర్లు రాసేవాళ్ళు. ఏ దేశాలకు చెల్లుతుందో కూడా రాసేవాళ్ళు. వర్ణవివక్ష పోయేవరకూ దక్షిణాఫ్రికాకు చెల్లదని ఉండేది, ఆ వాక్యం చదివినప్పుడు మాత్రం నాకు గర్వంగా ఉండేది. వెనక పేజీల్లో బ్యాంకువాళ్ళు ఎంత విదేశీ ద్రవ్యం ఇచ్చారో రాసి సీలు వేసేవారు. ఒకప్పుడు చేతికి 8 డాలర్లే ఇచ్చి పంపారని అమెరికా వెళ్ళిన మొదటితరం డాక్టర్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. మా రోజులకు కాస్త నయం, ట్రావెలర్స్ చెక్కులు వచ్చాయి. బ్యాంకులో గుమాస్తా ఎదురుగా ఒక్కో చెక్కు మీద పైన సంతకం, అక్కడికి వెళ్ళి మార్చుకునేటప్పుడు కింద సంతకం, రెండూ కలవాలి. చలికో భయానికో చెయ్యి వణికి కింది సంతకం మారిపోతే కౌంటరు మనిషి మొహం చూసేవాడు. చెక్కుల నంబర్లు వేరే కాగితం మీద రాసి, ఆ కాగితం వేరే సూటుకేసులో, ఇంకో కాపీ ఇంట్లో దేవుడి గూట్లో. మిగిలిన చిల్లర డాలర్లు ఎవరైనా వెళ్ళేవాళ్ళకు ఇవ్వడానికి దాచడం. ఊరంతటికీ అవే నాలుగు నోట్లు చేతులు మారుతుండేవి. ఇప్పుడు కొలంబోలో, మారిషస్‌లో మన ఫోనుతోనే యూపీఐ కట్టొచ్చు, 2024 ఫిబ్రవరి నుంచి. అప్పుడు డబ్బు చాలక హోటలు గదిలో కుక్కరులో అన్నం వండుకున్న మాట ఇప్పటివాళ్ళకు చెబితే, సరదాగా ఉండేదేమో అంటారు. సరదా ఏమీ లేదు, ఆకలిగా ఉండేది.

ఈసీఎన్ఆర్ ముద్ర ఎంతమందికి గుర్తుందో. బయటికి వెళ్ళేటప్పుడు ఎమిగ్రేషన్ తనిఖీ అక్కర్లేదని వేసే ముద్ర. అది లేనివాళ్ళు, అంటే చదువు లేనివాళ్ళు, ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ ఆఫీసుకు వెళ్ళి అనుమతి తెచ్చుకోవాలి. 1983 ఎమిగ్రేషన్ చట్టం ఉద్దేశం మంచిదే, గల్ఫుకు కూలికి వెళ్ళేవాళ్ళను దళారులు ముంచకుండా చూడటం. కానీ కూతురి కాన్పుకు వెళ్ళే అమ్మకు కూడా అదే గీటురాయి. మా బంధువుల్లో ఒకావిడ, ఇరవై ఎకరాల వ్యవసాయం ఒంటిచేత్తో నడిపిన మనిషి, భాగవత పద్యాలు వందలకొద్దీ నోటికి వచ్చిన మనిషి, సర్టిఫికెట్టు లేదు కాబట్టి ఆ ఆఫీసులో బెంచీ మీద రెండుపూటలు కూచుంది. పక్కన జగిత్యాల కుర్రాళ్ళు, కోనసీమ నుంచి కువైట్ ఇళ్ళలో పనికి వెళుతున్న ఆడవాళ్ళు. వాళ్ళతో మాట్లాడి వాళ్ళ జీతాలూ అప్పులూ అన్నీ తెలుసుకుని వచ్చింది, మలేషియాలో చూసిన జంట టవర్ల కంటే ఆ బెంచీ మీద సంగతులే ఎక్కువ చెప్పేది. 2007 నుంచి ఆ ముద్ర వెయ్యడం మానేశారు, పుస్తకంలో ఏమీ రాసి లేకపోతే తనిఖీ అక్కర్లేదనే లెక్క. పది పాసవని వాళ్ళ పుస్తకంలో మాత్రం తనిఖీ కావాలని ఇప్పటికీ అచ్చు వేస్తారు. ఉద్యోగానికి వెళితేనే అది వర్తిస్తుంది, 18 దేశాలకు. ఆ జాబితాలో థాయ్‌లాండ్ ఉంది, మలేషియా ఉంది. చూడటానికి వెళ్ళేవాడికి వీసా అక్కర్లేని దేశమే, పనికి వెళ్ళేవాడికి అనుమతి కావలసిన దేశం కూడా. వీసా తీసేశారన్న వార్త విన్నప్పుడు ఎవరికి తీసేశారని కూడా నాలో నేను అడుగుతుంటాను.

ఏ కాగితమూ లేకుండా సముద్రం దాటడం మనకు కొత్త కాదు. కాకినాడ, విశాఖపట్నం, భీమునిపట్నం, కళింగపట్నం రేవుల్లో స్టీమరెక్కి రంగం, అంటే రంగూన్, వెళ్ళిన వాళ్ళకు పాస్‌పోర్టు లేదు, వీసా లేదు, డెక్కు మీద జాగాకు టికెట్టు, ఒక చాప, మూట, చెంబు, అంతే. బర్మా అప్పుడు ఇండియాలో ఒక రాష్ట్రం. 1937 ఏప్రిల్ 1న విడదీశారు, అయినా రాకపోకలు కొన్నేళ్ళు అలాగే సాగాయి. మా తాతల కాలం వాళ్ళు రంగం సంగతి పక్క తాలూకా సంగతిలా మాట్లాడేవారు, ఏ బియ్యం మిల్లులో ఎవరున్నారు, ఏ రేవులో మేస్త్రీ ఎవరు, చెరూటు ఎక్కడ మంచిది. కోస్తా ఇళ్ళలో బర్మా టేకు మంచాలు, బర్మా టేకు బీరువాలు, లక్క పెట్టెలు, ఇవి ఇప్పటికీ కనబడతాయి. అది స్వేచ్ఛా ప్రయాణమని చెప్పుకోవడానికి నోరు రాదు నాకు. ముందు మేస్త్రీ దగ్గర అప్పు, ఆ అప్పు తీరేదాకా అతను చెప్పిన చోట పని, రేవులో మూటలు మోయడం. 1930 మే నెలలో రంగూన్ రేవు పని విషయంలో రేగిన అల్లర్లలో కొట్టినదీ చంపినదీ తెలుగు కూలీలనే. 1941 డిసెంబరు 23న జపాను బాంబులు పడ్డాక లక్షల మంది ఇండియా వైపు నడిచారు, అడవుల్లో, కొండల్లో, దారిలో పోయినవాళ్ళు పోగా. అడ్డం లేని సరిహద్దు అంటే ఆదరించే సరిహద్దు అని కాదు. కూలి చవగ్గా రావాలంటే తలుపు తెరిచే ఉంచాలి, ఆ రోజుల్లో తెరిచింది అందుకు.

తలుపులు తెరుచుకోవడమే కాదు, మూసుకోవడమూ చూశాను. శ్రీలంకకు ఊరికే వెళ్ళి దిగితే ముద్ర వేసి పంపేవాళ్ళు, 2012 జనవరి 1 నుంచి ముందే ఆన్‌లైన్లో అనుమతి తీసుకోవాలన్నారు. హాంకాంగ్ 14 రోజులకు వీసా అడిగేది కాదు, ఇప్పటికీ అడగదు, కానీ 2017 జనవరి 23 నుంచి ముందుగా పేరు నమోదు చేసుకుంటేనే. నేపాల్ ఒక్కటే 1950 ఒప్పందం దగ్గర్నుంచి అలాగే ఉంది, ఓటరు కార్డు పట్టుకుని పశుపతినాథుణ్ణి చూసి రావచ్చు. వీసా లేదంటే షరతులు లేవని కాదు. పాస్‌పోర్టుకు ఆరు నెలల గడువు మిగిలి ఉండాలి, తిరుగు టికెట్టు ఉండాలి, ఉండే చోటు చెప్పాలి, డబ్బు అడిగితే చూపించాలి, అన్నీ ఉన్నా లోపలికి రానివ్వడం ఆ కౌంటరు మనిషి ఇష్టం. ఇదివరకు ఆ దేశం గడపలో అడిగేవి ఇప్పుడు శంషాబాదులో విమానం వాళ్ళే అడుగుతారు, సరైన కాగితాల్లేని మనిషిని ఎక్కించుకెళితే ఖర్చు వాళ్ళ మీద పడుతుంది కాబట్టి. బ్యాంకాక్ వరస పోయింది, దానిలో కొంత ఇక్కడి చెక్ఇన్ వరసలోకి వచ్చి చేరింది.

ముద్రలు కూడా పోతున్నాయి. హాంకాంగ్ 2013లోనే మానేసి చిన్న చీటీ చేతికిస్తోంది. సింగపూరు ఈమెయిల్ పంపి ఊరుకుంటుంది. 2025 అక్టోబరు నుంచి యూరపు దేశాలు కూడా ముద్ర బదులు మొహమూ వేలిముద్రలూ యంత్రంలో దాచుకోవడం మొదలుపెట్టాయి. వచ్చిన తేదీ మనం మరిచిపోయినా వాళ్ళు మరిచిపోరు.

నాకు వీటన్నిటిలోకీ దగ్గరైంది విమానంలో నింపే కార్డు. ఇక్కడ ఎక్కేముందు ఒకటి, అక్కడ దిగేముందు ఒకటి, తిరిగి వచ్చేటప్పుడు మళ్ళీ ఒకటి. మన వాళ్ళకు దేశంలోకి వచ్చేటప్పుడు నింపే కార్డు 2014లో ఎత్తేశారు, వెళ్ళేటప్పుడు నింపేది 2017 జులై 1న. థాయ్‌లాండ్ వాళ్ళ కార్డు రెండు ముక్కలు, ఒక ముక్క దిగగానే తీసుకుని, రెండో ముక్క పాస్‌పోర్టులో పిన్ను కొట్టి ఇచ్చేవారు, తిరిగి వెళ్ళేదాకా అది ఊడిపోకుండా కాపాడుకోవడమే ఒక పని. 2022లో విమాన ప్రయాణికులకు అది ఆపేశారు. కిందికి దిగుతున్నామని చెప్పగానే విమానంలో దీపాలు వెలిగేవి, భోజనం ట్రేలు తీసేసిన బల్లల మీద తెల్లకార్డులు, అప్పుడు మొదలయ్యేది ఆ మాట, ముందు సీటు వెనక్కి తిరిగి, వెనక సీటు ముందుకు వంగి, ఒకసారి పెన్నిస్తారా. పెన్ను ఒకసారి ఇస్తే పదిమంది చేతులు తిరిగి వచ్చేది, ఒక్కోసారి వచ్చేది కాదు. రెండోసారి వెళ్ళినప్పుడు జేబులో నాలుగు పెన్నులు పెట్టుకెళ్ళేవాళ్ళు తెలిసినవాళ్ళు.

పెన్ను తర్వాత కార్డే వచ్చేది. బాబూ, కాస్త నింపి పెడతావా, కళ్ళజోడు పైన సంచీలో ఉండిపోయింది. కళ్ళజోడు కారణం కాదని ఇద్దరికీ తెలుసు. పాస్‌పోర్టు తీసుకుని పెద్దక్షరాల్లో, గడికొకటి, పేరు, ఇంటిపేరు, పుట్టిన తేదీ. మా ముందుతరం వాళ్ళ పాస్‌పోర్టుల్లో ఎంతమంది జులై 1న పుట్టారో లెక్కలేదు, బళ్ళో వేసేటప్పుడు మాస్టారు రాసిన తేదీ అది. పుట్టిన ఊరు దగ్గర మాట కలిసేది, మాది ఫలానా, మీదెక్కడ, ఓహో ఆ పక్కనే మా మేనత్త వాళ్ళది. వృత్తి గడి దగ్గర కాస్త ఆలోచన. వ్యవసాయం అని రాయనా అంటే, పొలం కౌలుకిచ్చేశాను నాయనా, ఇప్పుడేమీ లేదు అనేవాడు పెద్దాయన, ఐనా రాయి, రాస్తే తప్పేముంది అని తనే అనేవాడు. ఆడవాళ్ళ కార్డుల్లో హౌస్‌వైఫ్ అని రాసి చెయ్యి ఆపుకునేవాణ్ణి, ఆవిడ మిరప కల్లాల లెక్కలు చెబుతున్నది అప్పుడే విన్నాను కదా. చివర సంతకం మాత్రం వాళ్ళే. పెన్ను చేతికిస్తే, ఆ చిన్న గీత మీద, విమానం ఊగుతుంటే, తెలుగులో నిదానంగా పేరు మొత్తం రాసేవాళ్ళు. ఏ దేశం ఆఫీసులో ఏ గోనెసంచిలోకి వెళ్ళాయో ఆ కార్డులన్నీ. వాటిని ఎవరూ చదివి ఉండరు. రాసిన నేను చదివాను.

2025 మే 1 నుంచి థాయ్‌లాండ్ ఆ కార్డును ఆన్‌లైన్లో పెట్టింది. చేరే రోజుకు మూడు రోజుల లోపు నింపి పంపాలి. మలేషియాదీ అంతే, సింగపూరుదీ అంతే. డబ్బేమీ అడగరు, పది నిమిషాల పని, ఫోను వాడటం వచ్చినవాళ్ళకు. రానివాళ్ళకు పిల్లలు చేసి పెడతారు, ఎక్కడో డాలస్‌లోనో బెంగళూరులోనో కూచుని. అమ్మా నాన్నల వృత్తి ఏమని రాశారో, ఎందుకు వెళుతున్నారని రాశారో, వెళ్ళేవాళ్ళకు తెలియదు.

మొన్నామధ్య శంషాబాదులో చెక్ఇన్ దగ్గర ఒక పెద్దాయన పక్కకు జరిగి నిలబడి ఉన్నాడు, భార్య బల్ల మీద కూచుని ఉంది, మధ్యలో తాళ్ళు కట్టిన అట్టపెట్టె. కార్డు చూపించమన్నారట. ఏ కార్డో తెలియదు. కొడుకు అంతా చేశానన్నాడు, అది కొడుకు మెయిల్‌కే వెళ్ళింది, కొడుకున్న చోట ఇప్పుడు పనివేళ, ఫోను తియ్యడం లేదు. కౌంటరులో అమ్మాయి మర్యాదగానే చెప్పింది, మళ్ళీ నింపుకోవచ్చు, ఇంకా టైముంది అని. ఆయన ఫోను తీసుకున్నాను. పాస్‌పోర్టు తీసి ఇచ్చాడు. పేరు, నంబరు, పుట్టిన తేదీ నొక్కుతుంటే పక్కనుంచి వంగి చూస్తున్నాడు, మా దగ్గర కారంచేడు పక్కన అని ఊరి పేరు చెప్పాడు. హోటలు పేరు తెలియదు. టూరువాళ్ళ వాట్సాప్ గ్రూపులో పైకి పైకి జరుపుతూ వెళితే, పండగ శుభాకాంక్షల మధ్య, ఒక పీడీఎఫ్ దొరికింది. భార్య వివరాలు కూడా అందులోనే కలిపి, ఇద్దరికీ ఒకేసారి పంపించాం. ఆవిడ వృత్తి అడిగింది ఫారం. ఆయన ఆవిడ వైపు తిరిగి, ఏమని రాయమంటావే అని అడిగాడు.